ఎయిర్ రైఫిల్‌కు స్కోపు ఎంచుకోవడం: కటకాల సంగతి

గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసపు గుండును వదిలే ఎయిర్ రైఫిల్‌ను కొత్తగా కొన్నవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని ఎక్స్ స్కోపు తీసుకోమంటారు?" స్కోపు అంటే గురి కోసం తుపాకీ మీద బిగించే చిన్న దూరదర్శిని, ఎక్స్ అంటే అది ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపుతుందన్నది. ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిదన్న నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. నేను మాత్రం రెట్ల సంగతి పక్కన పెట్టి, ఆ స్కోపు ఎంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ అవుతుందో, దాని కటకాల మీద పూత ఎలాంటిదో ముందు చూడమంటాను. మనకు దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే స్కోపుల్లో చాలా వాటి నమూనా, అమెరికాలో వంద గజాల దూరాన జింకను గురిచూసే వేటగాడి కోసమో, జర్మనీలో మసక వెలుతురులో అడవిపంది కోసం మంచె మీద కాచుకునే వేటగాడి కోసమో రూపుదిద్దుకున్నది. మనకు వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. చెట్టు మీది పక్షి మీదికి పెల్లెట్ వదలడం ఏ లెక్కన చూసినా సరదా కాదు. మనం కాల్చేది కాగితపు టార్గెట్లను, అదీ 10 మీటర్ల నుంచి 50 మీటర్ల లోపు దూరంలో, పట్టపగలో ట్యూబులైట్ల కిందో. అవసరం ఇంత వేరుగా ఉన్నప్పుడు పెట్టె మీది అంకెలను ఆ వేటగాళ్ల కళ్లతో చదివితే డబ్బు ఖర్చవుతుందే తప్ప గురి కుదరదు. తుపాకీకి సంబంధించిన లైసెన్సు, వయసు నిబంధనలు వేరే విషయం. అవి దుకాణదారు నోటిమాట మీద కాకుండా పోలీసు స్టేషన్‌లో అడిగి తెలుసుకోవలసినవి.

పిల్లలను పోటీలకు సిద్ధం చేస్తున్న తల్లిదండ్రులకు అసలు స్కోపుతోనే పని లేదు. ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో తుపాకీ మీద స్కోపును అనుమతించరు. సన్నని రంధ్రం గుండా చూసే పీప్ సైటునే వాడాలి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది అలాంటి సైటుతోనే. గచ్చిబౌలి వైపు రేంజిలో చేర్పించాలనుకుంటున్న పిల్లవాడికి ముందుగా స్కోపు కొనిపెడితే, శిక్షకుడు మొదటి రోజే దాన్ని విప్పి సంచీలో పెట్టిస్తాడు. ఇకపై నేను రాసేది సెలవు రోజున నాలుగు టార్గెట్లు కాల్చుకుని సంతోషపడే వారి కోసం.

స్కోపు అంటే లోపల ఒక చిన్న దూరదర్శిని. ముందున్న పెద్ద కటకాన్ని ఆబ్జెక్టివ్ అంటారు. అది దూరపు వస్తువు ప్రతిబింబాన్ని గొట్టం లోపల ఒకచోట తలకిందులుగా ఏర్పరుస్తుంది. కెప్లర్ 1611లో వివరించిన దూరదర్శినిలో ఆ తలకిందుల బొమ్మనే కంటి దగ్గరి కటకం పెద్దది చేసి చూపేది. నక్షత్రాలకు తల ఎటున్నా ఫర్వాలేదు గానీ టార్గెట్‌కు అలా కుదరదు కనుక, స్కోపులో మధ్యన మరో సన్నని గొట్టం పెట్టి, అందులోని కటకాల చేత బొమ్మను తిరగేయించి నిటారుగా నిలబెడతారు. జూమ్ తిప్పినప్పుడు ముందుకూ వెనక్కూ జరిగేవి ఈ మధ్య గొట్టంలోని కటకాలే. పైనా పక్కనా ఉండే, గురిని సర్దే టరెట్లనే మరలను తిప్పినప్పుడు కొద్దిగా వంగేది కూడా ఈ గొట్టమే. అంటే పాపం ఆ లోపలి సన్నని గొట్టం మీదే స్కోపు నిజాయితీ అంతా ఆధారపడి ఉంటుంది. ధర తగ్గించాలనుకున్న తయారీదారు మొదట చెయ్యి పెట్టేది కూడా, బయటికి కనిపించదు కనుక, అక్కడే.

ఇన్ని కటకాలు ఉండడం వల్ల వచ్చే మొదటి చిక్కు వెలుతురు నష్టం. సాధారణ గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5. గాలిలోంచి అలాంటి గాజులోకి ప్రవేశించే కాంతిలో దాదాపు 4 శాతం ఉపరితలం దగ్గరే పరావర్తనం చెంది వెనక్కి పోతుంది. గాజులోంచి బయటికి వచ్చేటప్పుడు మరో 4 శాతం పోతుంది. ఒక స్కోపులో గాలి తగిలే ఉపరితలాలు 16 ఉన్నాయనుకుందాం. పూత ఏమీ లేకపోతే ప్రతి చోటా 96 శాతమే ముందుకు వెళ్తూ చివరికి కంటికి చేరేది సుమారు 52 శాతం. సగం వెలుతురు దారిలోనే పోయిందన్న మాట. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది: అలా వెనక్కి మళ్లిన కాంతి ఎక్కడికీ పోకుండా గొట్టం లోపలే గోడలకూ గాజులకూ తగిలి తిరుగుతూ బొమ్మ మీద పలచని తెల్లటి పొరలా పరుచుకుంటుంది; టార్గెట్ మీది నలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది.

దీనికి విరుగుడుగా గాజు మీద అతి పలచని పూత వేయడాన్ని జర్మనీలోని జైస్ సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో పేటెంటుకు ఎక్కించారు. మెగ్నీషియం ఫ్లోరైడ్ లాంటి పదార్థాన్ని సుమారు 100 నానోమీటర్ల మందాన పరిస్తే, పూత పైముఖం నుంచి వెనక్కి వచ్చే తరంగం, పూతకూ గాజుకూ మధ్య నుంచి వచ్చే తరంగం ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ఆ ఒక్క పొరతోనే నష్టం 4 శాతం నుంచి దాదాపు 1.3 శాతానికి పడిపోతుంది; 16 ఉపరితలాల తర్వాత కూడా 81 శాతం వెలుతురు మిగులుతుంది. ఒక పొర ఒక రంగుకు మాత్రమే సరిగ్గా పనిచేస్తుంది కనుక, వేర్వేరు పదార్థాలతో అనేక పొరలు వేసి నష్టాన్ని అర శాతానికి దించితే చివరికి 92 శాతం కంటికి చేరుతుంది.

పెట్టె మీద రాసే మాటలకు అర్థం ఈ లెక్కల్లోనే ఉంది. ఊరికే 'కోటెడ్' అంటే ఎక్కడో ఒక కటకానికి ఒక పొర వేశారని మాత్రమే. 'ఫుల్లీ కోటెడ్' అంటే గాలి తగిలే ప్రతి ముఖానికీ కనీసం ఒక పొర ఉందని, 'మల్టీకోటెడ్' అంటే కొన్నింటికి అనేక పొరలు ఉన్నాయని, 'ఫుల్లీ మల్టీకోటెడ్' అంటే అన్నింటికీ అనేక పొరలు ఉన్నాయని. చివరిదే మనకు కావలసినది. 99 శాతం కాంతి ప్రసారం అని ప్రకటించేవారు సాధారణంగా ఒక్కో ఉపరితలం గురించి చెబుతుంటారు. దాన్ని పదహారుసార్లు గుణిస్తే వచ్చేది 85 శాతం. ఎర్రగా మాణిక్యంలా మెరిసే పూతలకు మోసపోకండి. ఎర్ర కాంతిని అంతగా వెనక్కి తోసే గాజు లోపలికి పంపే బొమ్మ పచ్చగానో నీలంగానో ఉంటుంది. చూడ్డానికి దర్జాగా ఉండడం తప్ప కాగితపు టార్గెట్ కాల్చేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పూతను దుకాణంలోనే పరీక్షించవచ్చు. స్కోపును ట్యూబులైటు కింద కొద్దిగా ఏటవాలుగా పట్టుకుని ఆబ్జెక్టివ్‌లోకి చూస్తే, ఒకదాని వెనుక ఒకటిగా ఆ దీపం ప్రతిబింబాలు వరసగా కనిపిస్తాయి. ప్రతి ఉపరితలమూ ఒక బొమ్మను వెనక్కి పంపుతుంది. అవన్నీ మసకగా, ఆకుపచ్చగానో ఊదాగానో ఉంటే మంచిది. వాటి మధ్యన ఎక్కడైనా ఒకటి రంగులేకుండా తెల్లగా, మిగతావాటికంటే ప్రకాశంగా కనిపించిందంటే ఆ ముఖానికి పూత లేదు. తర్వాత స్కోపును తిప్పి, ఐపీస్ అనే కంటి దగ్గరి కటకం వైపు నుంచి కూడా ఇలాగే చూడాలి. ముందు కటకానికి నిగనిగలాడే పూత వేసి లోపలివాటిని వట్టిగా వదిలేసిన స్కోపులు ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతాయి. కోఠీలో పాత కెమెరా లెన్సులు అమ్మేవారు నిమిషంలో చేసే పనే ఇది; తుపాకుల దుకాణంలో మాత్రం ఎవరైనా చేస్తే యజమాని కాస్త వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. 3-9×40 అంటే మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు పెద్దది చేస్తుందని, ముందు కటకం వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. 40ని రెట్లతో భాగిస్తే ఐపీస్ నుంచి బయటికి వచ్చే కాంతి కడ్డీ వ్యాసం వస్తుంది. తొమ్మిది రెట్ల దగ్గర అది 4.4 మిల్లీమీటర్లు, నాలుగు రెట్ల దగ్గర 10. మన కంటిపాప పట్టపగలు 2 నుంచి 3 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు. చిమ్మచీకట్లో యువకుల కంటిపాప 7 దాకా విచ్చుకుంటుంది. యాభై దాటిన నాలాంటివారిది 5 దగ్గరే ఆగిపోతుంది. కంటిపాప కంటే లావైన కాంతి కడ్డీలో అంచుల వెలుతురు కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం మీద పడుతుందే గాని లోపలికి పోదు. కాబట్టి పగటిపూట కాల్చేవారికి 50 మిల్లీమీటర్ల ఆబ్జెక్టివ్ వల్ల అదనపు వెలుతురు దక్కదు. చీకట్లో వేటాడే జర్మన్ వేటగాడు 8×56 వాడితే అతనికి 7 మిల్లీమీటర్ల కడ్డీ దొరుకుతుంది, అతనికి అది అవసరం. మనం అదే వాడితే దక్కేది బరువు, ఎత్తైన మౌంటు (స్కోపును తుపాకీకి బిగించే పట్టు), దానికి అందుకోవడానికి చెంపను బట్టు మీంచి, అంటే తుపాకీ వెనుక భాగం మీంచి, పైకి లేపవలసిన అవస్థ. చెంప ఆనని తుపాకీతో ప్రతిసారీ ఒకే చోటి నుంచి చూడడం ఎవరి తరమూ కాదు.

గొట్టం లావు విషయంలోనూ ఇలాంటి అపోహ ఒకటి ప్రచారంలో ఉంది. ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్ల గొట్టం కంటే 30 మిల్లీమీటర్ల గొట్టంలోంచి వెలుతురు ఎక్కువ వస్తుందని దుకాణాల్లో ఘంటాపథంగా చెబుతారు. లావు గొట్టం వల్ల లోపలి గొట్టం అటూ ఇటూ కదలడానికి చోటు పెరుగుతుంది, టరెట్లకు మరిన్ని క్లిక్కులు, అంటే గురిని కొద్దికొద్దిగా జరిపే మెట్లు, దక్కుతాయి. ముఖ్యంగా జరిగేది అంతే.

అంకెలను నమ్మకుండా కొలిచి చూసుకునే ఉపాయం కూడా ఉంది. జూమ్‌ను తొమ్మిది మీద పెట్టి, స్కోపును వెలుతురున్న తెల్ల గోడ వైపు తిప్పి, చేయి చాచి పట్టుకుని చూస్తే ఐపీస్‌లో ఒక చిన్న వెలుగు వృత్తం తేలుతూ కనిపిస్తుంది. దాని మీద పారదర్శకమైన స్కేలు ఆనించి కొలవండి. 40 మిల్లీమీటర్ల ఆబ్జెక్టివ్‌కు అది 4.4 దగ్గర ఉండాలి. మూడే ఉందంటే, ముందున్న గాజు 40 అయినా లోపల ఎక్కడో ఒక ఇరుకు రింగు అడ్డుపడి 27 మిల్లీమీటర్ల మేరకే పని చేయనిస్తోందన్న మాట. అంచుల్లో గాజు చేసే తప్పులు బయటపడకుండా చౌక స్కోపుల్లో ఇలా నోరు కట్టేస్తారు. సూర్యుడి వైపు మాత్రం స్కోపును పొరపాటున కూడా తిప్పకూడదు. ఒక్క క్షణంలో కన్ను పోతుంది.

రంగుల సంగతి కొద్దిగా చెప్పాలి. ఒకే గాజు కటకం నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా వంచుతుంది కనుక నల్లటి వస్తువు అంచున ఊదా రంగు గీత పడుతుంది. రెండు రకాల గాజులతో చేసిన కటకాలను జోడించి దీన్ని తగ్గించే పద్ధతికి జాన్ డొలాండ్ 1758లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. నేటికీ ప్రతి స్కోపులోనూ ఆబ్జెక్టివ్ కనీసం అలాంటి జంటే. ఇంకా శుభ్రంగా కావాలంటే రంగులను తక్కువగా విడదీసే ఈడీ గాజు వాడతారు. ఆ విడదీసే గుణాన్ని అబ్బే సంఖ్యతో కొలుస్తారు: సంఖ్య పెరిగేకొద్దీ రంగులు తక్కువగా విడిపోతాయి. మామూలు క్రౌన్ గాజుకు అది 64 దగ్గర ఉంటే మంచి ఈడీ గాజుకు 80 దాటుతుంది. అయితే ఈడీ అన్న ముద్ర వేయడానికి అందరూ కట్టుబడే కొలమానమేదీ లేదు. కాబట్టి ముద్రను చూసి కాకుండా గాజులోంచి చూసి తేల్చుకోవాలి. మన నగరంలో అందుకు కావలసిన టార్గెట్ ప్రతి మేడ మీదా ఉంది: ఎండలో ఆకాశం నేపథ్యంగా నిలబడ్డ నల్లటి నీళ్ల ట్యాంకు. దాని అంచును బొమ్మ మధ్యలో పెట్టి చూడండి, తర్వాత నెమ్మదిగా పక్కకు జరపండి. మధ్యలోనే ఊదా, ఆకుపచ్చ గీతలు కనిపిస్తే ఆ స్కోపు వద్దు; బాగా అంచున మాత్రమే కనిపిస్తే పది మీటర్ల టార్గెట్‌కు అదేమీ లోపం కాదు. ఈ పరీక్ష స్కోపును తుపాకీ మీంచి విప్పి చేయాలి. తుపాకీకి బిగించిన స్కోపుతో ఎదురింటి వైపు చూడడం, అది ఖాళీ తుపాకీ అయినా సరే, ఎప్పటికీ తగని పని.

పదును చూడడానికి నేను వాడేది తెలుగు దినపత్రిక. దాన్ని పది మీటర్ల దూరంలో గోడకు అంటించి తొమ్మిది రెట్ల మీద చూస్తే, కంటికి అది మీటరు దూరంలో ఉన్నంతగా కనిపిస్తుంది. అప్పుడు వార్తలోని చిన్న అక్షరాల్లో 'ప'కూ 'ఫ'కూ తేడా తెలియాలి, 'ఘ' పొట్టలోని గీత విడిగా కనిపించాలి, ఒత్తులు మసకబారి పై అక్షరంలో కలిసిపోకూడదు. దుకాణదారులు చూపించే చదరాల చార్టుల మీద మందమైన గీతలే ఉంటాయి. మన లిపిలోని మెలికలు అంతకంటే కఠినంగా పరీక్షిస్తాయి. చాలా స్కోపుల విషయంలో ఇక్కడ తేలేది గాజు నాణ్యత కంటే ముందు ఇంకొకటి: పది మీటర్ల దూరంలో అవి అసలు ఫోకసే కావు.

అదే పారలాక్స్ సమస్య; దగ్గర దూరాల వాడికి మిగతా అన్నింటికంటే ఇది ముఖ్యం. ఆర్టీసీ బస్సులో డ్రైవరుకు ఎదురుగా కనిపించే స్పీడోమీటరు ముల్లు ఒక అంకె మీద ఉంటే, పక్క సీటులోంచి తొంగిచూసేవాడికి అది మరో అంకె మీద కనిపిస్తుంది. ముల్లూ అంకెలూ ఒకే తలం మీద లేకపోవడమే అందుకు కారణం. స్కోపులో కూడా రెటికిల్ అనే ఆ అడ్డగీత, నిలువుగీత ఒక తలంలో ఉంటాయి, టార్గెట్ ప్రతిబింబం మరో తలంలో పడుతుంది. రెండూ కలిసేది ఒకే ఒక్క దూరానికి. పెద్ద రైఫిళ్ల కోసం చేసిన మామూలు స్కోపుల్లో ఆ దూరాన్ని ఫ్యాక్టరీలోనే 100 గజాలకో, పాయింట్ టూ టూ అనే చిన్న తూటా రైఫిళ్ల స్కోపుల్లో 50 గజాలకో బిగించేస్తారు.

100 గజాలకు బిగించిన 3-9×40 స్కోపుతో 10 మీటర్ల టార్గెట్‌ను తొమ్మిది రెట్ల మీద చూస్తున్నామనుకోండి. కన్ను స్కోపు నడిమధ్య నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, టార్గెట్ మీద గీత దాదాపు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. కన్ను కాంతి కడ్డీ అంచు దాకా పోతే ఆ తేడా 18 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఈ లెక్క ఎలా వస్తుందంటే, ఆబ్జెక్టివ్ సగం వ్యాసమైన 20 మిల్లీమీటర్లలోంచి, టార్గెట్ దూరానికీ బిగించిన దూరానికీ ఉన్న నిష్పత్తి మేరకు, అంటే సుమారు పదకొండు శాతం, తీసివేయాలి. పది మీటర్ల పోటీ టార్గెట్ మొత్తం వ్యాసమే 45.5 మిల్లీమీటర్లు, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. తుపాకీ కదలకుండా ఉన్నా, ట్రిగ్గరు నెమ్మదిగా నొక్కినా, చెంప ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ ఆనితే చాలు, టార్గెట్ మీద పెల్లెట్ల గుంపు చెదిరిపోతుంది. "పెల్లెట్లు బాగాలేవు", "బారెల్ అరిగింది" అని ఫిర్యాదు చేసేవారి తుపాకుల మీద నేను చూసిన వాటిలో చాలా భాగం ఇలా దూరం బిగించేసిన స్కోపులే.

అదే స్కోపుకు దూరం సర్దుకునే రింగు ఉండి, దాన్ని 10 గజాలకు తిప్పగలిగితే, పది మీటర్ల దగ్గర గరిష్ఠంగా వచ్చే తేడా రెండు మిల్లీమీటర్ల లోపే. ఆ రింగు ఆబ్జెక్టివ్ చుట్టూ ఉంటే ఏఓ అని, ఎడమ పక్కన మూడో టరెట్‌లా ఉంటే సైడ్ ఫోకస్ అని రాస్తారు. ఏది ఉన్నా ఫర్వాలేదు, కానీ అది ఎంత దగ్గరికి వస్తుందో చూడాలి. కొన్ని 50 గజాల దగ్గరే ఆగిపోతాయి. రింగు మీది అంకెలను కూడా గుడ్డిగా నమ్మకుండా, తుపాకీని ఇసుక సంచుల మీద కదలకుండా నిలిపి, తలను కొద్దిగా పైకీ కిందికీ ఊపుతూ, గీత టార్గెట్‌కు అతుక్కుపోయినట్టు నిలిచే చోట రింగు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. చిన్న ఆబ్జెక్టివ్‌కు ఇక్కడ ఇంకో లాభం దక్కుతుంది: వ్యాసం తగ్గితే తప్పు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక, 32 మిల్లీమీటర్ల కటకం ఉన్న స్కోపు మన పనికి 50 కంటే మేలు.

ఇదంతా విన్న తర్వాత కూడా మా మేనల్లుడు "మామయ్యా, 6-24×50 తీసుకుంటే అన్నింటికీ సరిపోతుంది కదా" అన్నాడు. 24 రెట్ల దగ్గర కాంతి కడ్డీ రెండు మిల్లీమీటర్లే. తల ఏమాత్రం కదిలినా బొమ్మ నల్లబడిపోతుంది, గుండె కొట్టుకోవడం గీత మీద కనిపిస్తుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో నగర శివార్ల బండరాళ్ల నేల మీద, ఉదయం తొమ్మిది దాటాక, 50 మీటర్ల టార్గెట్‌ను అన్ని రెట్లలో చూస్తే వేడిగాలి ఎండమావిలా సుడులు తిరుగుతూ నల్లచుక్క నీళ్లలో వేసినట్టు వణుకుతుంది. ఆరేడు రెట్లకు దించితే ఆ వణుకు కంటికి తగ్గి, గీత ఎక్కడుందో తెలుస్తుంది. వాడు ఒప్పుకున్నాడని చెప్పలేను, కానీ కొన్నది మాత్రం 3-9×40 ఏఓ.

టరెట్ల విషయం సులభం. ఎంఓఏ, మిల్ అనేవి రెండూ కోణాన్ని కొలిచే ప్రమాణాలు. ఒక్క క్లిక్కుకు పావు ఎంఓఏ అని ఉంటే 100 మీటర్ల దగ్గర గురి 7.3 మిల్లీమీటర్లు జరుగుతుంది, 10 మీటర్ల దగ్గర అందులో పదో వంతు. పాయింట్ వన్ మిల్ అని ఉంటే 100 మీటర్లకు ఒక సెంటీమీటరు, 10 మీటర్లకు ఒక మిల్లీమీటరు. మెట్రిక్ కొలతలకు అలవాటుపడిన మనకు ఇది మనసులోనే లెక్కకు అందుతుంది. ఏదైనా సరే, కొన్న వెంటనే చతురస్ర పరీక్ష చేయండి: మూడు పెల్లెట్లు కాల్చి, ఇరవై క్లిక్కులు పైకి తిప్పి మూడు, ఇరవై కుడికి తిప్పి మూడు, ఇరవై కిందికి తిప్పి మూడు, ఇరవై ఎడమకు తిప్పి మూడు. గురిచుక్క మాత్రం మారకూడదు. పావు ఎంఓఏ స్కోపుతో పది మీటర్ల దగ్గర సుమారు పదునాలుగున్నర మిల్లీమీటర్ల భుజంతో ఒక చతురస్రం వచ్చి, చివరి మూడూ మొదటి మూడింటి మీద పడాలి. చతురస్రం వంకరపోయినా, చివరివి ఇంటికి తిరిగి రాకపోయినా, లోపలి గొట్టాన్ని పట్టి ఉంచే స్ప్రింగు బలహీనమని తెలుస్తుంది. రసీదు ఇంకా చేతిలోనే ఉంది కనుక ఇచ్చేయవచ్చు.

స్ప్రింగు ఎయిర్ రైఫిల్ ఉన్నవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. పెద్ద తుపాకీ వెనక్కి ఒక్క తన్ను తన్నుతుంది. స్ప్రింగు తుపాకీలో బరువైన పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి పోతుంది, ఆ పిస్టన్ ముందు గోడను తాకి ఆగగానే ముందుకు కుదుపు వస్తుంది. వెనకటి తన్నును తట్టుకునేలా మాత్రమే కటకాలను బిగించిన స్కోపులు, ఖరీదైనవి కూడా, ఈ ముందు కుదుపుకు లోపల వదులైపోతాయి. కాబట్టి స్ప్రింగు ఎయిర్ గన్‌కు పనికి వస్తుందని తయారీదారు స్పష్టంగా రాసి ఉండాలి. మౌంటు కూడా వెనక్కి జారకుండా అడ్డుపిన్ను ఉన్నది తీసుకోవాలి. ముందే గాలి నింపుకునే పీసీపీ తుపాకీలకు ఈ బెడద దాదాపు లేదు.

కటకాలే వద్దు, ఎర్ర చుక్క సైటు చాలనుకునేవారికి ఒక ముచ్చట. ఆ సైటు వెనుక ఉన్న సూత్రానికి, అంటే వెలిగే గుర్తును అద్దం మీంచి కంటికి పంపి అది అనంత దూరంలో ఉన్నట్టు చూపడానికి, 1900లో పేటెంటు పొందినది డబ్లిన్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్. నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన మన నిజామియా అబ్జర్వేటరీలో, బేగంపేటలో, ఉండిన 15 అంగుళాల దూరదర్శిని కూడా గ్రబ్ సంస్థదే. వేగంగా గురిచూసే ఆటకు ఆ సైటు హాయిగా ఉంటుంది కానీ, అది దేన్నీ పెద్దది చేయదు. పది మీటర్ల దగ్గర చుక్కే టార్గెట్ నడుమను కప్పేస్తుంది. కంటిలో ఆస్టిగ్మాటిజం, అంటే కంటి ముందుభాగపు వంపు అన్నివైపులా సమంగా లేని లోపం, ఉన్నవారికి ఆ చుక్క తోకచుక్కలా సాగిపోయి కనిపిస్తుంది. అలాంటివారికి గాజు మీద చెక్కిన రెటికిల్ ఉన్న స్కోపే నయం.

మొత్తానికి నేను సూచించేది 2-7×32 లేదా 3-9×40, పది గజాల దాకా వచ్చే ఏఓ, ఫుల్లీ మల్టీకోటెడ్ కటకాలు, ఒక అంగుళం గొట్టం, సాదా సన్నని రెటికిల్. జూమ్‌తో పాటు రెటికిల్ పెద్దదీ చిన్నదీ అయ్యే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రకానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. దూరాలను కొలుచుకుంటూ పోయేవారికి తప్ప అది ఉపయోగపడదు, పైగా తక్కువ రెట్ల దగ్గర గీతలు నూలుపోగంత సన్నబడి కంటికి ఆనవు. కళ్లద్దాలు పెట్టుకునేవారు ఐపీస్‌కూ కంటికీ మధ్య కనీసం 9 సెంటీమీటర్ల ఎడం దొరికేది చూసుకోవాలి.

స్కోపు ఇంటికి వచ్చాక మొదట చేయవలసింది ఐపీస్ సర్దుకోవడం. ఖాళీ గోడ వైపు తిప్పి, రెండు మూడు సెకన్లు మాత్రమే చూసి, రెటికిల్ మొదటి చూపులోనే నల్లగా పదునుగా కనిపించేదాకా ఐపీస్‌ను కొద్దికొద్దిగా తిప్పాలి. ఎక్కువసేపు తదేకంగా చూస్తే కన్ను తనంతట తాను సర్దుకుని మసక గీతనే పదునైనదిగా చూపిస్తుంది. ఇది కుదిరాకనే దూరం రింగును ముట్టుకోవాలి.

వానాకాలంలో స్కోపును అది వచ్చిన స్పాంజి పెట్టెలో దాచకండి. గొట్టంలో నైట్రోజన్ నింపి ఉండడం వల్ల లోపల ఆవిరి పట్టదు కానీ, బయటి గాజుకు ఆ రక్షణ లేదు. ఏసీ గదిలోంచి జులై గాలిలోకి తెచ్చిన వెంటనే అది మంచుపట్టినట్టు మసకబారుతుంది. తుడవకుండా పది నిమిషాలు వదిలేస్తే తనే ఆరిపోతుంది. స్పాంజి మాత్రం తేమను పట్టి ఉంచి, కొన్ని వారాల్లో గాజు మీద సాలెగూడులాంటి బూజు పుట్టిస్తుంది, అది పూతనే తినేస్తుంది. మూత బిగువుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటి రంగు మారినప్పుడల్లా మళ్లీ వేడిచేసి ఆరబెడుతూ ఉంటే సరిపోతుంది. దుమ్ము పడితే ముందు గాలి పంపుతో ఊది, తర్వాత మెత్తని బ్రష్‌తో దులిపి, చివరగా మాత్రమే లెన్స్ గుడ్డ వాడాలి. చొక్కా అంచుతో తుడిస్తే పూత మీద పడే గీతలు ఏ వర్క్‌షాపులోనూ పోవు.